పిల్లల జవాబులతోనే సాంఖ్యక శాస్త్రం: తరగతిలో చీటీల సర్వే ఎలా చేయించాలి

సాంఖ్యక శాస్త్రం పాఠం దగ్గరపడగానే గణితం టీచర్లు మళ్లీ మళ్లీ అడిగేది ఇదే: "పిల్లలతో సర్వే చేయించాలని ఉంది. ఏం అడగాలి? జవాబులు వచ్చాక వాటిని ఏం చేసుకోవాలి?" సర్వే చేయించడం తేలికే. ఎటొచ్చీ చాలాచోట్ల అది "నీకిష్టమైన పండు ఏది?" అని అడిగి, నాలుగు రంగుల కమ్మీ చిత్రం గీసి గోడకు అంటించడంతో ఆగిపోతుంది. పండ్ల పేర్లకు సగటు కట్టలేం, మధ్యగతం (వరసలో పెడితే నడిమధ్యన ఉండే విలువ) చూడలేం. పాఠంలో సగం అక్కడే జారిపోతుంది.

కింద చెప్పే పద్ధతి 8, 9, 10 తరగతులకు పనికొస్తుంది. కొలతలన్నీ 40 మంది ఉన్న సెక్షన్‌కి సరిపోయేలా ఇచ్చాం. ఉదాహరణలో వాడిన జవాబులు లెక్క చూపడానికి కూర్చినవే. మీ పిల్లల అంకెలు వేరుగా వస్తాయి.

కావలసినవి

- ఏ4 తెల్ల కాగితాలు 6. ఒక్కోదాన్ని మూడుసార్లు సగానికి మడిచి చింపితే 8 చీటీలు వస్తాయి. 40 మందికి 5 కాగితాలు చాలు, ఆరోది పాడైనవాటికి. చీటీలన్నీ ఒకే సైజులో ఉండాలి (సుమారు 10.5 × 7.4 సెం.మీ.). పిల్లల్ని నోటుపుస్తకం చింపుకోమంటే చిన్నాపెద్దా ముక్కలు వస్తాయి, తర్వాత సోపాన చిత్రం (హిస్టోగ్రామ్) అబద్ధం చెబుతుంది.
- నాలుగడుగుల ఎత్తున్న బోర్డు, లేదా అంత ఖాళీ గోడ. 15 చీటీలు అడ్డంగా ఒకదానిమీద ఒకటి పేరిస్తే 111 సెం.మీ. అవుతుంది, బోర్డులో పడుతుంది.
- సెల్లోటేపు. జిగురు వద్దు, చీటీలను మళ్లీ మళ్లీ జరపాల్సి ఉంటుంది.
- చింతపిక్కలు 250 దాకా. లేకపోతే చిన్న గులకరాళ్లు.
- సుద్దముక్కలు, స్కేలు, కోణమానిని, వృత్తలేఖిని.

సమయం: ముందురోజు 10 నిమిషాలు, ఆపైన 45 నిమిషాల పీరియడ్లు రెండు. పదో తరగతికి సూత్రాలతో పోల్చే పని (7వ మెట్టు) కూడా చేయించాలంటే మూడో పీరియడ్ పడుతుంది.

అడగాల్సిన ప్రశ్నలు

మూడు చాలు. ఎక్కువ అడిగితే చీటీలు సరిచూసుకోవడానికే పీరియడ్ అయిపోతుంది.

అ) ఈ రోజు ఇంటి గడప దాటినప్పటి నుంచి బడి గేటులోకి వచ్చేదాకా ఎన్ని నిమిషాలు పట్టింది? (నిమిషాల్లో, ఒకే సంఖ్య)

ఆ) అందులో ఎక్కువ దూరం ఎలా వచ్చావు? నడక / సైకిలు / ఆటో / బస్సు / ఇంట్లోవాళ్ల బండి. (ఒక్కటే రాయాలి)

ఇ) నిన్న రాత్రి మీ ఇంట్లో ఎంతమంది పడుకున్నారు? (నిన్ను కూడా కలుపుకొని)

మొదటి ప్రశ్న సగటు, మధ్యగతం, బాహుళకం (ఎక్కువసార్లు వచ్చిన విలువ), సోపాన చిత్రం అన్నిటికీ. రెండోది కమ్మీ చిత్రానికీ వృత్తరేఖా చిత్రానికీ (పై చార్టు). మూడోది చింతపిక్కలకి.

మాటలు ఎందుకంత కచ్చితంగా ఉన్నాయంటే, "మీ ఇల్లు ఎంత దూరం?" అని అడిగితే ఒకరు కిలోమీటర్లు రాస్తారు, ఒకరు "దగ్గరే" అంటారు. "మీ ఇంట్లో ఎంతమంది?" అంటే హాస్టల్లో ఉన్న అన్నని కలపాలా, పండక్కి వచ్చిన అమ్మమ్మని కలపాలా అని తరగతి అంతా గోల. "నిన్న రాత్రి పడుకున్నవాళ్లు" అంటే ఆ గొడవ లేదు. పైగా అమ్మానాన్నల్లో ఒకరు లేని పిల్లలు కూడా ఇబ్బంది పడకుండా రాయగలుగుతారు.

అడగకూడనివి: బరువు, ఇంటి ఆదాయం, కులం, తండ్రి ఏం చేస్తాడు, కిందటి పరీక్ష మార్కులు, ఇంట్లో ఫోన్ ఖరీదు. పేరు రాయకపోయినా చేతిరాత చూసి పక్కవాళ్లు పట్టేస్తారు.

గురుకులంలోనో హాస్టల్లోనో అయితే ఈ మూడు ప్రశ్నలూ పనికిరావు. మొదటిదానికి బదులు జాన కొలిపించండి: వేళ్లు బాగా చాచి బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొసకు ఎన్ని మిల్లీమీటర్లో. లేదా కళ్లు మూసుకుని "ఒక నిమిషం అయింది" అనిపించినప్పుడు చెయ్యి ఎత్తమనండి; పక్కన కూర్చున్నవాళ్లు గడియారం చూసి సెకన్లు రాస్తారు. రెండోది ఎక్కువ పండుతుంది, 35 నుంచి 90 దాకా ఎక్కడపడితే అక్కడ ఆగుతారు. మూడోదానికి బదులు చొక్కాకి ఎన్ని గుండీలు అన్నా చాలు, పిక్కల పని నడుస్తుంది.

మెట్టు 1. ముందు అయిదుగురిని అడిగి చూడండి

వేరే సెక్షన్ పిల్లలు అయిదుగురికి ప్రశ్నలిచ్చి, ఏమీ వివరించకుండా రాయమనండి. ఎవరైనా "సార్, అంటే..." అని మొదలుపెడితే ప్రశ్నలోనే లోపం ఉందన్నమాట, మాట మార్చండి. దీన్నే పైలట్ సర్వే అంటారు. బెంగాల్లో జనపనార పంట విస్తీర్ణం అంచనా కట్టేటప్పుడు మన గణాంక శాస్త్రవేత్త పి.సి. మహలనోబిస్ అసలు సర్వేకి ముందు ఇలా చిన్న సర్వేలు చేయించేవారు. మీకు పట్టేది పది నిమిషాలే.

మెట్టు 2. చీటీలు రాయించడం

ముందురోజు చివరి పది నిమిషాల్లో చేయించండి. చీటీల వెనక మూలన 1 నుంచి 40 దాకా నంబర్లు వేసి, బాగా కలిపి పంచండి. అది రోల్ నంబరు కాదు. ఎవరికి ఏది వచ్చిందో వాళ్లకు మాత్రమే తెలియాలి.

ముందువైపు మధ్యలో మొదటి ప్రశ్న జవాబు పెద్ద అంకెల్లో రాయాలి, దూరం నుంచి కనబడాలి. ఎడమ పై మూలన రెండోది, కుడి పై మూలన మూడోది చిన్నగా. బోర్డు మీద నమూనా చీటీ ఒకటి గీసి చూపండి. కాకపోతే అందులో అంకె రాయకండి! "ఉదాహరణకు 20" అని రాశారా, తెల్లారేసరికి మీ దగ్గర డజను ఇరవైలుంటాయి.

మాట్లాడకుండా రాయించి, బోర్లా తిప్పి వసూలు చేయండి. అరిచి చెప్పించుకోవడం, చేతులెత్తించడం వద్దు. మొదటివాడు "పది నిమిషాలు" అంటే వెనకవాళ్లు కూడా ఆ చుట్టుపక్కలే చెబుతారు.

మెట్టు 3. చెత్త ఏరడం

పుస్తకంలో దత్తాంశం కడిగిన బియ్యంలా వస్తుంది. ఇక్కడ రాళ్లు ఏరుకోవాలి. సాధారణంగా కనబడేవి ఇవి:

- "15–20": రెండంకెలు.
- "అరగంట": మాటల్లో.
- "1.15": గంటా పదిహేను నిమిషాలని వాళ్ల ఉద్దేశం. అలాగే ఎక్కించేస్తే 75 నిమిషాల ప్రయాణం ఒక నిమిషం చిల్లర అయిపోతుంది.
- "2 కి.మీ.": ప్రశ్న చదవలేదు.
- ఖాళీ. దీన్ని 0గా ఎక్కించడం అన్నిటికంటే చెడ్డ తప్పు. ఖాళీ అంటే జవాబు లేదు, సున్నా నిమిషాలని కాదు. ఆ చీటీని పక్కన పెట్టి 39తో లెక్క చేయాలి.

ఏది ఎలా సరిచేయాలో అంకెలు చూడకముందే బోర్డు మీద నియమాలు రాయండి. "అరగంట" అంటే 30. రెండంకెలున్నవి, కిలోమీటర్లున్నవి రాసినవాళ్లే మార్చాలి: ఆ చీటీలను ఇంటర్వెల్లో బల్ల మీద వెనక నంబరు కనబడేలా పెట్టేయండి, ఎవరిది వాళ్లు మార్చి మళ్లీ బోర్లా పెడతారు.

పెద్ద అంకె వచ్చిందని మాత్రం తీసేయకండి. పక్క ఊరి నుంచి బస్సులో వచ్చే పిల్లకి 75 నిమిషాలు నిజంగానే పట్టవచ్చు. తప్పని తేలితేనే తీయాలి.

మెట్టు 4. మధ్యగతం: వరండాలో నిలబెట్టండి

చీటీలు కలిపి ఒక్కొక్కరికి ఒకటి ఇవ్వండి. తన చీటీ తనకే రానక్కర్లేదు, అందువల్ల ఎవరి జవాబో తెలియదు. అందరూ వరండాలో చిన్న సంఖ్య నుంచి పెద్ద సంఖ్యకు వరసగా నిలబడాలి. ఒకే సంఖ్య ఉన్నవాళ్లు పక్కపక్కన నిలబడాలి, ఒకరి వెనక ఒకరు కాదు. మనిషికి అర మీటరు చొప్పున 20 మీటర్లు కావాలి. చోటు లేకపోతే వరసను గ్రౌండులోకి తిప్పండి.

ఇప్పుడు రెండు చివరల నుంచి ఒకేసారి ఒక్కొక్కరు కూర్చోవాలి. మీరు చప్పట్లు కొడుతూ పోండి. 19 చప్పట్లయ్యాక ఇద్దరు మిగులుతారు. వాళ్ల రెండు సంఖ్యల సగటే మధ్యగతం. 39 మంది అయితే ఒక్కరే మిగులుతారు.

ఇక్కడ మూడు తప్పులు పదేపదే వస్తాయి.

ఒకటి, "40లో సగం 20, కాబట్టి 20వ వాడిదే మధ్యగతం" అనడం. 20వ వాడికి ఎడమవైపు 19 మంది, కుడివైపు 20 మంది. చేతులెత్తించి లెక్కపెట్టించండి, వాళ్లకే తెలుస్తుంది.

రెండు, మధ్యగతం 20.5 అని రాయడం. అది నిలబడ్డ చోటు. జవాబు చేతిలో ఉన్న చీటీ మీద ఉంది.

మూడు, వరసలో పెట్టకుండా మధ్యవాడిని చూడటం. దీన్ని కావాలనే చేయించండి: ముందు రోల్ నంబరు ప్రకారం నిలబెట్టి ఒకసారి, చీటీల ప్రకారం నిలబెట్టి ఇంకోసారి. మొదటిది ప్రతిసారీ ఏదో ఒకటి వస్తుంది.

సరిచూసుకునే తీరు: మధ్యగతం కంటే తక్కువున్నవాళ్లు సగానికి మించకూడదు, ఎక్కువున్నవాళ్లూ సగానికి మించకూడదు.

మెట్టు 5. సోపాన చిత్రం: చీటీలే ఇటుకలు

ఫ్యాన్ ఆపండి. బోర్డు అడుగున 10.5 సెం.మీ.కి ఒక గీత చొప్పున గీసి, గీతల కింద 0, 10, 20, 30... అని రాయండి. అంకె గడి మధ్యలో కాదు, గీత కిందే ఉండాలి. పిల్లలు వరసగా వచ్చి తమ చీటీని గడిలో కిందనుంచి పైకి అంటిస్తారు.

మొదటి నిమిషంలోనే ఎవరో ఒకరు "10" పట్టుకుని ఆగిపోతారు. ఎడమ గడిలోనా, కుడి గడిలోనా? మీరు చెప్పకండి, కాసేపు వాదించుకోనివ్వండి. ఆ తర్వాత నియమం: 10–20 గడిలో (పుస్తకంలో దీన్నే తరగతి అంటారు) 10 ఉంటుంది, 20 ఉండదు. అటు సగం ఇటు సగం పెడితే ఏమవుతుందని అడిగేవాళ్లుంటారు. ఏ నియమమైనా పెట్టుకోవచ్చు, చివరిదాకా దానికే కట్టుబడాలని చెప్పండి.

ఉదాహరణకు 40 జవాబులు ఇలా వచ్చాయనుకోండి:

3, 5, 5, 5, 5, 7, 8
10 (8 మంది), 12, 15 (6గురు)
20 (6గురు), 25 (ముగ్గురు)
30 (నలుగురు), 35
40, 45
60, 75

గడుల్లో చీటీలు వరసగా 7, 15, 9, 5, 2, 0, 1, 1. మొత్తం 40.

50–60 గడి ఖాళీగా ఉంది. పిల్లలు దాన్ని మింగేసి 60ని 45 పక్కన అంటిస్తారు. ఖాళీ గడి కూడా కనబడాలి. లేకపోతే ఆ ఇద్దరూ మిగతావాళ్లకు ఎంత దూరంలో ఉన్నారో తెలియదు.

గడుల మధ్య ఎడం ఉండకూడదు. ప్రయాణ సాధనాల కమ్మీ చిత్రంలో మాత్రం ఎడం ఉండాలి, ఎందుకంటే సైకిలుకీ ఆటోకీ మధ్య విలువలేమీ లేవు. రెండూ పక్కపక్కనే గీయించండి. ఈ తేడా చెబితే మరిచిపోతారు, చూస్తే మరిచిపోరు.

బాహుళకం అడిగితే పిల్లలు "15" అంటారు, ఎత్తైన దొంతరలో 15 చీటీలున్నాయి కాబట్టి. అది పౌనఃపున్యం, అంటే ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క. ఎక్కువసార్లు వచ్చిన విలువ 10 నిమిషాలు, అది 8 సార్లు వచ్చింది. ఉదాహరణలో 15 అనే విలువ కూడా ఉండటంతో తికమక రెట్టింపవుతుంది.

మెట్టు 6. సగటు: చింతపిక్కలతో సమానంగా పంచడం

అయిదుగురు చొప్పున 8 జట్లు. చీటీ మూలనున్న మూడో జవాబు చూసి అన్ని పిక్కలు తీసుకోవాలి. ఒక జట్టులో 3, 4, 4, 6, 8 అనుకోండి. ఎక్కువున్నవాళ్లు తక్కువున్నవాళ్లకు ఇస్తూ అందరి దగ్గరా సమానం అయ్యేదాకా సర్దుకోవాలి. కాగితం మీద కూడికలు వద్దు. ఒక్కొక్కరికి 5 వస్తాయి. ఆ అయిదు చీటీల్లో ఏ ఇంట్లోనూ అయిదుగురు లేరు! సగటు ఎవరో ఒకరి జవాబై ఉండాలన్న భ్రమ అక్కడే పోతుంది.

సమానంగా పంచబడకపోతే, 23 పిక్కలొస్తే, తలా 4 పోగా 3 మిగులుతాయి. వాటిని మధ్యలో పెట్టి "ఒక్కొక్కరి వాటా 4 మీద అయిదింట మూడు వంతులు, అంటే 4.6" అని రాయించండి. మిగిలినవి జేబులో వేసుకుని 4 అని రాసే జట్టు ఒకటి ఉంటుంది, చూసుకోండి.

జట్ల సగటులన్నిటికీ మళ్లీ సగటు కడితే తరగతి సగటు వస్తుందా? జట్లన్నిటిలో ఒకే సంఖ్యలో పిల్లలుంటేనే. ఆ రోజు ఇద్దరు రాకపోతే ఒక జట్టులో ముగ్గురే ఉంటారు. అయిదుగురి జట్టు సగటు 5, ముగ్గురి జట్టు సగటు 4 అయితే రెండూ కలిపి 4.5 కాదు: పిక్కలు 25 + 12 = 37, మనుషులు 8, సగటు 4.625. పిక్కలన్నీ ఒకచోట పోసి పంచి చూపండి.

ఒక హెచ్చరిక. ఇలా వచ్చిన సగటును "మా ఊళ్లో ఇంటికి సగటున ఇంతమంది" అని చార్టు మీద రాయకండి. బడికి వచ్చే పిల్లలు లేని ఇల్లు ఈ సర్వేలోకి రానే రాదు, ఇద్దరు పిల్లలున్న ఇల్లు రెండుసార్లు రావచ్చు. చిన్న లెక్క చూడండి: మూడిళ్లలో వరసగా 1, 2, 3 పిల్లలున్నారు. ఇంటికి సగటు 2. అదే ప్రశ్న పిల్లల్ని అడిగితే జవాబులు 1, 2, 2, 3, 3, 3, సగటు 2.33. ఎవరూ అబద్ధం చెప్పలేదు, అయినా అంకె పెరిగింది. తొమ్మిది, పది తరగతుల వాళ్లకి ఇది తప్పకుండా చేసి చూపండి.

ఇక ప్రయాణ నిమిషాలకు సగటు కాగితం మీదే కట్టించండి. మన ఉదాహరణలో మొత్తం 790, సగటు 19.75, మధ్యగతం 15, బాహుళకం 10. మూడూ వేర్వేరు. 60, 75 చీటీలు రెండూ కాసేపు పక్కన పెట్టి మళ్లీ చేయించండి: 655 ÷ 38, అంటే సుమారు 17.24. మధ్యగతం మాత్రం 15 దగ్గరే కదలకుండా ఉంది. దూరం నుంచి వచ్చే ఇద్దరు సగటును రెండున్నర నిమిషాలు లాగారు.

మెట్టు 7. సూత్రం జవాబూ, చీటీల జవాబూ పక్కపక్కన

ఈ పని మొత్తంలో వదలకూడనిది ఇదే. పదో తరగతిలో తరగతి అంతరాల పట్టిక ఇచ్చి సగటు కట్టమంటారు, పిల్లలు కడతారు. ఆ జవాబు ఉజ్జాయింపు అని పుస్తకం చెబుతుంది గానీ, ఎంత ఉజ్జాయింపో చూసే వీలు ఉండదు, ఎందుకంటే అసలు విలువలు పుస్తకంలో ఉండవు. మీ దగ్గర చీటీలున్నాయి.

పట్టిక: తరగతి మధ్యవిలువలు 5, 15, 25, 35, 45, 55, 65, 75. పౌనఃపున్యాలు 7, 15, 9, 5, 2, 0, 1, 1. లబ్ధాల (మధ్యవిలువ × పౌనఃపున్యం) మొత్తం 890, సగటు 22.25. సోపాన విచలన పద్ధతిలో 25ని ఊహించిన సగటుగా తీసుకుంటే విచలనాల మొత్తం −11 వస్తుంది. −11 ÷ 40 × 10 = −2.75, కాబట్టి 25 − 2.75 = 22.25. రెండు పద్ధతులూ కలిశాయి కాబట్టి కూడికల్లో తప్పు లేదు.

మధ్యగతం: 10 + (20 − 7) ÷ 15 × 10 = 18.67.
బాహుళకం: 10 + (15 − 7) ÷ (30 − 7 − 9) × 10 = 15.71.

చీటీల నుంచి నేరుగా వచ్చినవి 19.75, 15, 10. సూత్రాలు మూడూ ఎక్కువే చూపించాయి. పిల్లలు వెంటనే "మాదే తప్పు" అనుకుని చెరిపేస్తారు, చెరపనివ్వకండి. ఎందుకు ఎక్కువొచ్చిందో బోర్డు మీదున్న చీటీల్లోనే ఉంది. 10–20 గడిలో 15 చీటీలూ గడి అంతా సమంగా పరుచుకున్నాయని సూత్రం అనుకుంటుంది. దగ్గరికెళ్లి చూస్తే వాటిలో 8 సరిగ్గా 10 మీద, గడి ఎడమ అంచునే కూర్చున్నాయి. 20–30లో 6 చీటీలు 20 మీదే, 30–40లో 4 చీటీలు 30 మీదే.

గడియారం చూసి ఎవరూ రాయలేదు కదా. పది, పావుగంట, ఇరవై, అరగంట అని సర్దేశారు. చివరి అంకెలు లెక్కపెట్టించండి: 40లో 36 జవాబులు 0తోనో 5తోనో ముగిశాయి. గుండ్రటి అంకెలు గుంపుకట్టే చోటే మనం తరగతి హద్దు పెట్టాం.

హద్దులు జరిపి చూడండి: 2.5–7.5, 7.5–12.5, 12.5–17.5... ఇప్పుడు 5, 10, 15 గడుల మధ్యలోకి వచ్చాయి. పౌనఃపున్యాలు మొదటినుంచి 6, 10, 6, 6, 3, 4, 1, 1, 1, ఆపైన 60 దగ్గర 1, 75 దగ్గర 1. లబ్ధాల మొత్తం 790, సగటు 19.75. ఇక్కడ అచ్చంగా కలిసిపోయింది. మీ తరగతిలో పాయింటు అటూఇటూ అవుతుంది. చీటీలు టేపుతో అంటించి ఉంటే ఈ మార్పు అయిదు నిమిషాల పని. ఎత్తైన దొంతర 15 నుంచి 10కి దిగి, సోపాన చిత్రం ఆకారమే మారిపోతుంది.

పరీక్షలో మాత్రం ఇచ్చిన తరగతులతోనే చేయాలని గట్టిగా చెప్పండి. లేకపోతే ఎవరో ఒకరు అక్కడ హద్దులు జరిపి వస్తారు.

మెట్టు 8. వృత్తరేఖా చిత్రం

ఇది త్వరగా అయిపోతుంది. 40 మంది అయితే ఒక్కొక్కరికి 9 డిగ్రీలు. నడక 16, సైకిలు 10, ఆటో 7, బస్సు 5, బండి 2 అయితే కోణాలు 144, 90, 63, 45, 18. మొత్తం 360 రావాలి. 37 మంది ఉంటే ఒక్కొక్కరికి 9.73 డిగ్రీలు, ప్రతి కోణాన్నీ సర్దితే మొత్తం 359 గానీ 361 గానీ రావచ్చు. అప్పుడు తేడాను అన్నిటికంటే పెద్ద భాగంలో కలిపేయండి, అలా చేశామని కింద రాయించండి. "సైకిలు, బస్సు" అని రెండూ రాసిన చీటీ ఒక్కటి ఉన్నా మొత్తం 41 అవుతుంది. అందుకే "ఎక్కువ దూరం" అని అడిగింది.

కావాలంటే: నాణెంతో గుట్టు దాచే ప్రశ్న

"ఈ నెలలో పక్కవాళ్ల పుస్తకం చూసి హోంవర్కు ఎక్కించావా?" అంటే ఎవరు ఒప్పుకుంటారు? ప్రతి ఒక్కరూ ఎవరికీ కనబడకుండా రూపాయి బిళ్ల ఎగరేయాలి. బొమ్మ పడితే నిజంతో పనిలేకుండా "అవును" అని రాయాలి. బొరుసు పడితే నిజం రాయాలి. "అవును" అని ఉన్న చీటీ చూసి ఎవరినీ పట్టుకోలేం. 1965లో స్టాన్లీ వార్నర్ ప్రతిపాదించిన పద్ధతికి ఇదో సులువు రూపం.

40లో 26 "అవును" వచ్చాయనుకోండి. బొమ్మ వల్ల వచ్చినవి సుమారు 20. మిగతా 6 నిజంగా ఒప్పుకున్నవి, అది బొరుసు పడిన 20 మందిలో. అంటే 30 శాతం. అయితే 40 సార్లు ఎగరేస్తే బొమ్మలు సరిగ్గా 20 పడవు, 14 నుంచి 26 దాకా మామూలే. "అవును"లు 20 కంటే తక్కువొస్తే జవాబు రుణాత్మకం అవుతుంది కూడా. కాబట్టి మూడు నాలుగు సెక్షన్లు కలిపి చేస్తేనే అంకెను నమ్మండి.

కంప్యూటర్ ఉంటే

చీటీల పని అయ్యాకే ఎక్సెల్‌లోకి ఎక్కించండి, ముందు కాదు. గడిలో "15 ని." అని కొడితే అది సంఖ్య కాదు, అక్షరాల కింద లెక్క, ఏవరేజ్ ఫంక్షన్ దాన్ని చెప్పకుండా వదిలేస్తుంది. కౌంట్ ఫంక్షన్ వేసి 40 వస్తుందో లేదో మొదట చూడండి. మోడ్ ఫంక్షన్‌తో ఇంకో చిక్కు: రెండు బాహుళకాలుంటే ఒక్కటే చూపిస్తుంది.

చివరగా సరిచూసుకోవాల్సినవి

- పౌనఃపున్యాల మొత్తం చీటీల సంఖ్యకు సమానమా? గణన చిహ్నాల (లెక్కకు వేసే గీతల) దగ్గరే సాధారణంగా ఒకటి తగ్గుతుంది, అయిదో గీత అడ్డంగా వేయడం మరిచిపోయి.
- సంచిత పౌనఃపున్యం (పౌనఃపున్యాలను ఒక్కొక్కటే కలుపుకుంటూ పోయే మొత్తం) చివరి గడిలో 40 ఉందా? మనది 7, 22, 31, 36, 38, 38, 39, 40.
- ప్రతి విలువ నుంచీ సగటు తీసేసి కూడితే సున్నా వస్తుందా? రాకపోతే సగటు తప్పు.
- ప్రతి చిత్రం కింద ఎంతమంది జవాబిచ్చారో, ఏ తేదీనో ఉందా?

పదో తరగతిలో ఈ పాఠం చివరి వరసలో వస్తుంది. అంతదాకా ఆగకుండా జూన్ 29న, అంటే మహలనోబిస్ పుట్టినరోజైన జాతీయ గణాంక దినోత్సవం నాడు, చీటీలు రాయించి దాచిపెట్టుకోవచ్చు. పాఠం వచ్చినప్పుడు ఇంకోసారి రాయించి రెండిటినీ పోల్చండి. కవరు మీద తేదీ, సెక్షన్, హాజరు సంఖ్యతో పాటు ఆ పొద్దున వాన పడిందో లేదో కూడా రాసి పెట్టండి. వాన రోజు నిమిషాలు వేరు.